కణములతో ముఖపరిచయము

వైద్యకళాశాలలో రెండవ సంవత్సరమున పెథాలజీ ప్రయోగశాలలో ప్రవేశించిన విద్యార్థికి, సూక్ష్మదర్శినిలో తొలుత కనబడునది గులాబి, ఊదా వన్నెల కలగాపులగము మాత్రమే. ఉపాధ్యాయుడు ప్లాస్మా కణమును చూపగా తల యూచును గాని, మఱియొక స్లైడులో అదే కణము వానికి అపరిచితమై పోవును. రూపమును బట్టీపట్టి, ఆ రూపమేల కలిగినదో విచారింపకపోవుటయే ఇందులకు కారణమని నా అభిప్రాయము.

ఫార్మలిన్‌లో నిలువచేసి, పారఫిన్ మైనమున పొదిగి, మైక్రోటోముతో 4, 5 మైక్రాన్ల మందమున కోసిన కణజాలమునకు తనదైన రంగు దాదాపుగా లేదు. మధ్య అమెరికాకు చెందిన లాగ్‌వుడ్ చెట్టు చేవనుండి లభించు హెమటాక్సిలిన్, పటికతో కూడి ధనావేశము నొంది, కేంద్రకములోని న్యూక్లియిక్ ఆమ్లములను పట్టుకొని నీలిమ నొసగును. ఇయోసిన్ అను కృత్రిమ రంజకము మాంసకృత్తుల నంటి గులాబి వన్నె దెచ్చును. స్లైడుపై రంగనగా ఈ రసాయనసంబంధమే.

ఇక ప్లాస్మా కణమును పరికింపుడు. కేంద్రకము నడుమ నుండక ఒక ప్రక్కకు ఒదిగియుండును. అందలి క్రొమాటిన్ గడియారపు అంకెలవలె అంచు చుట్టును ముద్దలు గట్టియుండును. కణద్రవ్యము ఊదా రంగున నుండగా, కేంద్రకమును ఆనుకొని ఒకచోట మాత్రము లేతమచ్చ కనబడును. ప్రతిరక్షకములను ఎడతెగక తయారుచేయు ఆ కణము, ఆర్.ఎన్.ఏ.తో కూడిన రైబోసోములను దట్టముగా నింపుకొనును గనుక హెమటాక్సిలిన్ కణద్రవ్యమును సైతము పట్టినది. తయారైన ప్రతిరక్షకములను బయటికి పంపుటకు సిద్ధపఱచు గాల్జీ సముదాయమున్న తావు ఆ లేతమచ్చ. ఈ సంగతి తెలిసినవాడు ఆ కణమును మఱచుట కష్టము.

తక్కిన తెల్లకణముల సంగతి ఇంత చిక్కు కాదు. న్యూట్రోఫిల్ కేంద్రకము పలు తమ్మెలుగా చీలియుండును. 1879లో పాల్ ఎర్లిఖ్ వర్ణించిన ఇయోసినోఫిల్, రెండు తమ్మెల కేంద్రకముతోను ఎఱ్ఱని రేణువులతోను తనంత తానే తెలియవచ్చును. చిన్న లింఫోసైటు, చూపునకు ఇంచుమించు కేంద్రకము మాత్రమే.

అసలు చిక్కు కోతలో నున్నది. 12 మైక్రాన్ల కణమును 4 మైక్రాన్ల ఖండములో చూచుట యన, దాని మూడవవంతును చూచుటయే. కదురువలె సాగిన ఫైబ్రోబ్లాస్టు అడ్డముగా తెగినచో గుండ్రనై లింఫోసైటని భ్రమింపజేయును. కనుక ఒంటరి కణముపై తీర్పు చెప్పరాదు. దాని ఇరుగుపొరుగును చూడవలెను. మన దేశపు విద్యార్థి తప్పక ఎఱుగవలసిన క్షయగ్రంథినే చూడుడు: నడుమ జున్నువంటి మృతపదార్థము, దాని చుట్టును ఎపిథీలియాయిడ్ కణములు, వాని నడుమ కేంద్రకములు అంచున గుఱ్ఱపు లాడమువలె తీరిన లాంగ్‌హాన్స్ మహాకణము, వెలుపల లింఫోసైటుల వలయము. ఈ అమరిక చిన్న కటకములోనే తెలియును. తొందరపడి 40 రెట్ల కటకము త్రిప్పినవానికి తెలియదు.

రికార్డు పుస్తకములోని బొమ్మలను పై తరగతివారి పుస్తకములు చూచి గాక, స్లైడు చూచియే గులాబి, ఊదా పెన్సిళ్లతో గీయుడని విద్యార్థులకు నా మనవి.