పూజలో పాట.. ప్రజలందరి నోట

గడివేముల: ఆదివారం దివ్యబలిపూజలో వినిపించే పాట పూజకు అలంకారం కాదని, అది పూజలో అంతర్భాగమని కథోలిక శ్రీసభ బోధిస్తోంది. ఒకప్పుడు లాటిన్ గానాన్ని మౌనంగా విన్న పల్లె విశ్వాసులు గత అరవై ఏళ్లలో తమ భాషలో తామే పాడుకునే స్థితికి చేరారు. పెద్ద స్పీకర్లు, సెల్‌ఫోన్లు, రికార్డు చేసిన ట్రాకులు వచ్చిన నేటి కాలంలో ఆ పాట మళ్లీ వారి నోటికి దూరమయ్యే ప్రమాదం ఏర్పడింది. ఈ నేపథ్యంలో పూజాసంగీతం ఎలా మారుతూ వచ్చింది, దానికి ఉన్న నియమాలేమిటి అన్నది ఆసక్తికరం.

మౌనం నుంచి గానానికి..

1960ల వరకు రోమను ఆచారం పాటించే దాదాపు అన్ని దేవాలయాల్లో పూజ లాటిన్‌లోనే జరిగేది. గ్రెగోరియన్ గానంగా పిలిచే ప్రాచీన బాణీలను శిక్షణ పొందిన గాయకులు ఆలపించేవారు. సామాన్యులకు ఆ మాటల అర్థం తెలిసేది కాదు. తెలుగు పాటకు ఎక్కువగా పూజ వెలుపలే.. జపమాల, సిలువ మార్గం, పండుగ ఊరేగింపుల్లో చోటు దక్కేది.

పదో పయస్ పోపు 1903 నవంబరు 22న సంగీతంపై ప్రత్యేక ఆదేశం జారీ చేశారు. పియానోతో పాటు డోళ్లు, తాళాల వంటి హోరు వాద్యాలను దేవాలయంలో నిషేధించారు. అదే సమయంలో గానంలో ప్రజలు తిరిగి పాలుపంచుకోవాలని కోరారు.

అసలు మలుపు రెండో వాటికన్ మహాసభతో వచ్చింది. 1963 డిసెంబరు 4న ఆమోదం పొందిన దైవార్చన శాసనానికి అనుకూలంగా 2,147 మంది, వ్యతిరేకంగా నలుగురు మాత్రమే ఓటు వేశారు. గ్రెగోరియన్ గానానికి ప్రథమ స్థానం అలాగే ఉంచుతూనే, సొంత సంగీత సంప్రదాయం గల జాతుల బాణీలకు తగిన గౌరవం ఇవ్వాలని ఆ శాసనం చెప్పింది. అమలుకు సంబంధించిన సూచనలు 1967 మార్చి 5న వెలువడ్డాయి. అదే ఏడాది జూన్‌లో నెల్లూరు మేత్రాసనం నుంచి విడిపోయి కర్నూలు మేత్రాసనం ఏర్పడింది. అంటే నంద్యాల ప్రాంతం ఉన్న ఈ మేత్రాసనం వయసు, తెలుగు పూజాగానం వయసు దాదాపు ఒక్కటే. 1969లో భారతీయ పద్ధతులకు సంబంధించి రోము ఆమోదించిన 12 అంశాల వల్ల అంజలి, హారతి, దీపస్తంభం కూడా పూజలోకి వచ్చాయి.

కీర్తన చూపిన దారి

తెలుగు క్రైస్తవ పాటకు అప్పటికే గట్టి పునాది ఉంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి ప్రొటెస్టెంట్ కవులు కర్ణాటక రాగతాళాల్లో పల్లవి, చరణాలతో కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. నంద్యాల, ముత్యాలపాడు కేంద్రాలుగా ఆంగ్లికన్ మిషనరీలు పనిచేసిన ఈ ప్రాంతానికి ఆ కీర్తనలు కొత్త కావు.

ఒకరు చరణం అందుకుంటే అందరూ పల్లవి పాడటం రాయలసీమ భజన పద్ధతి. పుస్తకం చదవలేని వారు సైతం రెండు మూడు సార్లు వింటే పాటలో కలిసిపోతారు. మహాసభ కోరిన ప్రజల భాగస్వామ్యానికి ఇంతకంటే అనువైన పద్ధతి మరొకటి లేదు.

ఏ ఘట్టానికి ఆ పాట

పూజలో పాటలకు ఒక క్రమం ఉంది. గురువు పీఠం వద్దకు వచ్చేటప్పుడు ప్రవేశ గీతం, తరువాత దయచూపమని వేడుకోలు, మహిమ గీతం ఉంటాయి. మొదటి పఠనం అనంతరం కీర్తన, సువార్తకు ముందు అల్లెలూయా, ఆపై అర్పణ గీతం, పరిశుద్ధ గీతం, దివ్యసత్ప్రసాద గీతం వరుసగా వస్తాయి. తపస్కాలంలో అల్లెలూయా పూర్తిగా ఆగిపోతుంది. మహిమ గీతం కొన్ని మహోత్సవాలకు మినహా వినిపించదు. వాద్యాలు గానానికి తోడుగా మాత్రమే మోగాలి. ఈస్టరు రాత్రి అవన్నీ తిరిగి వినిపిస్తాయి. క్యాలెండరు చూడకుండానే, చెవులతోనే ఏ కాలమో తెలుసుకునే ఏర్పాటు ఇది.

ట్రాకుతో తంటా

ఇప్పుడు సమస్య ఇక్కడే మొదలవుతోంది. ట్రాకు పెట్టి ఒకరిద్దరు మైకులో పాడితే మిగిలినవారు శ్రోతలుగా మిగులుతారు. స్పీకరు హోరులో పక్కవారి గొంతు కూడా వినిపించదు. గ్రామఫోను, రేడియో, టేపు రికార్డరు వంటి యంత్రాలను పూజాగానానికి వాడరాదని 1958 సెప్టెంబరు 3న రోము స్పష్టం చేసింది. పూజలో మొక్కు మనిషిది గనుక గొంతు కూడా మనిషిదే కావాలన్నది దాని అంతరార్థం. పెళ్లిళ్లలో సినిమా బాణీకి భక్తి మాటలు కూర్చి పాడినా వినేవారి మనసు ఆ సినిమా వైపే పోతుంది.

కీబోర్డు, కొత్త బాణీలు ఉంటేనే యువత దేవాలయానికి వస్తుందన్న వాదనలోనూ కొంత నిజం ఉంది. కొత్త పాట తప్పని శ్రీసభ ఎన్నడూ అనలేదు. అయితే 2017 మార్చిలో రోములో జరిగిన సదస్సులో ఫ్రాన్సిస్ పోపు, భాషలు మారిన ఈ కాలంలో కొన్నిచోట్ల పూజాసంగీతం పైపై మెరుగులకు పరిమితమైందని విచారం వ్యక్తం చేశారు. కొలత పాతా కొత్తా కాదు. సమూహం పాడగలదా, మాటలు ప్రార్థనకు తగినవేనా, ఆ ఘట్టానికి సరిపోతుందా అన్న మూడు ప్రశ్నలే కొలత. ఇంట్లో వినే పాటలకు, ప్రార్థన కూటాల పాటలకు ఈ కట్టుబాట్లు లేవు.

రోములో లాటిన్.. ఊళ్లో తెలుగు

ఈ మేత్రాసనం పరిధిలోని పోలూరులో 1961లో జన్మించిన ఆంథోనీ పూల 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆ హోదా పొందిన తొలి వ్యక్తి ఆయనే. 2025 మే 7న కొత్త పోపు ఎన్నికకు కార్డినళ్లు సిస్టీన్ ప్రార్థనాలయంలోకి పునీతుల ప్రార్థన, పవిత్రాత్మ ఆహ్వాన గీతం లాటిన్‌లో పాడుతూ ప్రవేశించగా, ఆయనా వారిలో ఉన్నారు. పాత లాటిన్ గానం, పల్లెలోని తెలుగు పల్లవి ఒకే విశ్వాసానికి రెండు గొంతులని చెప్పేందుకు ఇదే నిదర్శనం.

సికింద్రాబాదులోని అమృతవాణి వంటి సంస్థలు తెలుగు పాటలను రికార్డు చేసి అందిస్తున్నాయి. పల్లెల్లో వృద్ధుల నోట మాత్రమే నిలిచిన సిలువ మార్గం పాటలు, మరియమాత పాటలు మాత్రం వారితోనే పోయే అవకాశం ఉంది. వాటిని నోటుపుస్తకంలో రాసుకుని, సెల్‌ఫోనులో పట్టుకుని పిల్లలకు నేర్పితే, పాటను దూరం చేస్తున్న ఆ ఫోనే దాన్ని కాపాడే సాధనం కాగలదు.