పువ్వుల్లో పెట్టి చూసుకుంటామన్న మాట

పెండ్లిమాటలు ఖాయమైన వేళ మగపెండ్లివారు అనే మాట ఒకటుంది: "మీ అమ్మాయిని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాం." గణపవరం మొదలు కొల్లేటి లంకల వరకు ఈ మాట వినని తల్లిదండ్రులు ఉండరు. పెండ్లినాడు పందిరి నిండా పూలే. ఆ తరువాత భర్త తన చేతితో ఎన్నిసార్లు మూర పూలు ఇంటికి తెచ్చాడో ఎవరి లెక్క వారే చూసుకోవాలి.

పూలకు అర్థాలు చెప్పుకోవడం అన్ని దేశాలలోనూ ఉంది. 1819లో పారిస్ నగరంలో షార్లెట్ ద లాతూర్ అనే కలంపేరుతో పూల భాషను గూర్చిన పుస్తకం వెలువడింది. 1884లో ఇంగ్లండులో కేట్ గ్రీనవే అనే చిత్రకారిణి అటువంటి పుస్తకమే బొమ్మలతో తెచ్చారు. ఎర్ర గులాబీ అంటే ప్రేమ అన్నది ఆ కాలంలో బాగా వ్యాపించింది. పసుపు గులాబీకి ఆనాడు అసూయ అని అర్థం చెప్పేవారు, నేడు స్నేహం అంటున్నారు. ఫ్రాన్సులో చామంతులు సమాధుల మీద ఉంచే పూలు. రష్యాలో సరిసంఖ్యలో పూలిస్తే అవి అంత్యక్రియలకే. దీనినిబట్టి అర్థం పువ్వులో లేదు, ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ మధ్య ఉన్నదని తెలుస్తుంది.

మరి మన పూల సంగతి? మల్లె దంపతుల పువ్వు. ఉదయం మొగ్గగా కోస్తే సాయంత్రానికి విచ్చుతుంది. కాబట్టి విరిసినవి కాక మొగ్గలే కొని, తడిగుడ్డలో చుట్టి తేవాలి. కనకాంబరానికి వాసన లేదు, కాని త్వరగా వాడదు. మాటలు తక్కువైనా మాట తప్పని మనిషివంటిది. బంతిపువ్వు గుమ్మానికి శోభ. చామంతి చలికాలపు పువ్వు, క్రిస్మస్ నాటికి చవకగా దొరుకుతుంది. మనవారు లిల్లీ అని పిలిచే నేలసంపెంగ పెండ్లిదండలోనూ ఉంటుంది, శవపేటిక మీదా ఉంటుంది. సంతోషంలోనూ దుఃఖంలోనూ విడువననే ప్రమాణానికి అంతకంటె తగిన పువ్వేది?

పరమగీతము రెండవ అధ్యాయం చూడండి. ఇంగ్లీషు బైబిలులో లిల్లీ అని ఉన్నచోట మన తెలుగు బైబిలులో పద్మము అని ఉంది. హెబ్రీలో ఆ మాట షోషన్నా. సూసన్న అనే పేరు దానినుండి వచ్చినదే. కొల్లేటి తామరను ఎరిగిన మనకు ఆ పోలిక సులువుగా అర్థమవుతుంది. అక్కడ వధువు తనను పువ్వుతో పోల్చుకొనగా, ప్రియుడు మౌనంగా ఊరుకోలేదు. ముండ్ల నడుమ పువ్వు ఎలా కనబడుతుందో తన కంటికి ఆమె అలా కనబడుతున్నదని పలికాడు. పువ్వుతోపాటు ఒక మంచిమాట కూడా ఇవ్వాలని భర్తలు గ్రహించాలి.

కొన్ని సంఘాలలో స్త్రీలు తలలో పూలు పెట్టుకోరు. వారి మనస్సాక్షిని నొప్పించవద్దు. కడియపులంక నర్సరీలో ఒక మల్లెమొక్క కొని పెరట్లో నాటి ఇవ్వండి. చలికాలంలో కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీరు పెడితే ఏటేటా వేసవిలో పూస్తుంది. ఒకనాటి కానుక ఏండ్ల తరబడి నిలుస్తుంది.

ఇంకొక సంగతి ఉంది. భర్త మరణించగానే స్త్రీ తలలోని పూలు తీసివేసే ఆచారం మన నేలమీద ఎందరి హృదయాలనో గాయపరచింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అయినా నేటికీ ఎన్నో ఇండ్లలో ఆ తల్లి శుభకార్యాలప్పుడు వెనుక గదిలోనే కూర్చుంటుంది. పువ్వు ఆమెకు పుట్టినప్పటినుండి ఉన్నదే కాని, పెండ్లితో వచ్చింది కాదు. మీ భార్యకు పూలు కొన్ననాడు మీ అమ్మకు కూడా ఒక పువ్వు తెచ్చి ఆమె చేతిలో పెట్టండి. ఆమె దానిని ఏమి చేసుకుంటుందో ఆమె ఇష్టం.

పూవుతోపాటు నారకూ తావి అబ్బినట్లు అని మన పెద్దలు అన్నారు. భార్యాభర్తల మధ్య ప్రేమ పరిమళిస్తే ఆ ఇంటి పిల్లలకూ, వృద్ధులకూ అది అబ్బుతుంది. పెండ్లినాడు ఇచ్చిన మాట ఈ వారం సంతకు వెళ్లినప్పుడు గుర్తు తెచ్చుకుందాం.