గీత గీసే ముందు... కొండనడగాలి!

ఇల్లంటే నాలుగు గోడలు, ఒక కప్పు మాత్రమేనా? కిటికీలోంచి కనిపించే చెట్టు, ముంగిట్లోకి వచ్చే ఎండ, చూరు నుంచి జారే వాన... ఇవన్నీ కలిస్తేనే ఇల్లంటున్నారు ఆర్కిటెక్చర్ చదువుతున్న నేటి కుర్రకారు. మనిషికీ ప్రకృతికీ మధ్య తెగిన బంధాన్ని ముడివేయడమే ఇప్పుడు వాళ్ల డిజైన్లకు ముడిసరుకు. ఆ పాఠాలు నేర్చుకోవడానికి తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను మించిన బడి మరొకటి ఉండదేమో!

2021 నవంబరు మూడో వారం. శేషాచలం కొండల మీద కుండపోతగా కురిసిన వాన తిరుపతి మీదికి దూకింది. మెట్లదారి జలపాతమైంది. వీధులు వాగులయ్యాయి. రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ ఏర్పడితే, దిగువ పల్లెల జనాన్ని హుటాహుటిన సురక్షిత ప్రాంతాలకు తరలించారు. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పే చెరువు అది.

ఇళ్లలోకి నీళ్లొచ్చాయని అందరూ బాధపడ్డారు. నీళ్లు పారే దారిలోకి ఇళ్లే వెళ్లాయా అన్న ప్రశ్నా అప్పుడే పుట్టింది. కొండ వాలు ఎటుంది, వంక ఎటు పారుతుంది, కుంట ఎక్కడ నిండుతుంది... ఇవేవీ అడక్కుండా ప్లాను గీసేస్తే ఏమవుతుందో ఆ నాలుగు రోజులూ చెప్పాయి.

ముందు చూపు... తర్వాతే గీత

బీఆర్క్ అయిదేళ్ల కోర్సు. నాటా రాసి సీటు తెచ్చుకున్న విద్యార్థి చివరి ఏడాదిలో థీసిస్ చెయ్యాలి. తనకు నచ్చిన స్థలం, తనకు నచ్చిన సమస్య ఎంచుకుని దానికి కట్టడం రూపంలో జవాబు చెప్పాలి. బడి కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, చెరువు గట్టున పార్కు కావచ్చు.

అలాంటి ప్రాజెక్టులో మొదటి పని పెన్సిలు పట్టుకోవడం కాదు. స్థలానికి వెళ్లి చూడటం. ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతోంది? గాలి ఎటు నుంచి వీస్తోంది? ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయి? ఏ చెట్లున్నాయి, వాటి నీడన ఎవరు కూర్చుంటున్నారు? ఇవన్నీ మ్యాపు మీదికి ఎక్కాకే గోడ ఎక్కడ రావాలో తేలుతుంది. చెట్టు అడ్డొస్తే కొట్టెయ్యడం తేలిక. దాన్ని నడిమింట ఉంచి చుట్టూ గదులు అల్లడంలోనే అసలు తెలివంతా ఉంది.

విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008లో మొదలైంది. సీమలోనే, కడపలో 2020లో ఆర్కిటెక్చర్, లలిత కళల విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. ఇంజినీరింగు, మెడిసిన్ తప్ప మరో మాట వినిపించని ఇళ్లలోనూ ఇప్పుడు ఈ చదువు పేరు వినిపిస్తోంది.

పాత రాళ్లే పాఠ్యపుస్తకాలు

ప్రకృతితో కలిసి కట్టడమెలాగో నేర్చుకోవడానికి విదేశాలకు వెళ్లక్కర్లేదు. తిరుపతిలో కపిలతీర్థం మెట్ల మీద కాసేపు కూర్చుంటే చాలు. కొండ మీది నీటిధార నేరుగా పుష్కరిణిలోకి దూకుతుంది. దాని చుట్టూ రాతిమెట్లు, మండపాలు. ఎండాకాలంలో ధార సన్నగిల్లినా, వానాకాలంలో హోరెత్తినా ఆ మెట్లు దాని కోసం కాచుక్కూర్చున్నట్టే ఉంటాయి. కొండనీ నీటినీ మనిషినీ ఒక్కచోట కూర్చోబెట్టిన డిజైన్ అది!

అక్కడికి కాస్త దూరంలోనే చంద్రగిరి. విజయనగర రాజులకు చివరి రోజుల్లో రాజధానిగా ఉన్న చోటు. అక్కడి రాజమహల్ మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కలప వాడలేదు. కమానులతోనే అంతస్తుల బరువు మోయించారు. మందమైన గోడలు బయటి వేడిని అంత తేలిగ్గా లోపలికి రానివ్వవు. వెనక కొండే కోటకు అండ. కొండను పిండి చెయ్యకుండానే దాన్ని గోడగా వాడుకున్నారన్నమాట.

రాజులదాకా ఎందుకు? మన పల్లెల్లోని తొట్టి ఇళ్లు చూడండి. నడుమ ఆకాశం కనిపించే తొట్టి, చుట్టూ వసారా, వీధివైపు అరుగు. వెలుతురు, గాలి నట్టింటికి వచ్చేవి. వాన పడితే ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అరుగు మీద దారినపోయేవారూ సేదదీరేవారు. మట్టి మిద్దెల కింద మండువేసవిలోనూ కంటి నిండా కునుకు పట్టేది. పెరట్లో కానుగ చెట్టో వేప చెట్టో ఉండనే ఉండేది.

బీడు పచ్చబడింది

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకుంటే పొరపాటే. పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో వచ్చిన బడి ఇది. చుట్టూ బోడికొండలు, కరవు నేల. దశాబ్దాల తరబడి చెట్లు నాటారు. వాననీటిని నిలబెట్టారు. చెట్లు పెరిగాక పిట్టలొచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అక్కడ చదివే పిల్లలకు పిట్టల పేర్లు పుస్తకంలో వెతుక్కునే పనిలేదు. తల ఎత్తితే చాలు.

కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్‌దీ ఇదే బాట. 1999లో మొదలైన ఈ సంస్థకు అక్కడ 172 ఎకరాల ప్రాంగణం ఉంది. ఒకప్పుడు రాళ్లూ రప్పలతో నిండిన ఆ నేల ఇప్పుడు పచ్చగా మారింది. సర్కారు బడుల పిల్లలు అక్కడికి వచ్చి సైన్సు ప్రయోగాలు చేస్తుంటారు. చెట్టూ పుట్టా కూడా ఆ పిల్లలకు ప్రయోగశాలలో భాగమే.

పరీక్ష కోసం గీసిన బడి

విద్యార్థుల డిజైన్లు కాగితాల మీదే ఉండిపోతాయి, ఎవరు కడతారు అంటారా? జర్మనీ అమ్మాయి అనా హెరింగర్ కథ వినండి. స్కూలు చదువు ముగియగానే బంగ్లాదేశ్‌లోని ఓ పల్లెలో ఏడాదిపాటు స్వచ్ఛంద సేవ చేసింది. తర్వాత ఆస్ట్రియాలో ఆర్కిటెక్చర్ చదువుతూ, ఆ రుద్రాపూర్ పల్లెకే ఒక బడిని తన డిప్లొమా ప్రాజెక్టుగా డిజైన్ చేసింది. కింద మట్టిగోడలు, పైన వెదురు అంతస్తు. ఊళ్లోవాళ్లే కూలీలు, మేస్త్రీలు. మట్టిని తొక్కింది పశువులు! 2005లో కట్టిన ఆ బడికి 2007లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. పరీక్ష కోసం గీసిన బొమ్మ పల్లె పిల్లలకు బడైంది.

పచ్చదనం కంటికి ఇంపు మాత్రమే కాదు, ఒంటికీ మేలే. అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో సైన్స్ పత్రికలో ఓ ఆసక్తికరమైన సంగతి వెల్లడించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో సగం మందికి కిటికీలోంచి చెట్లు, మిగతా సగానికి ఇటుక గోడ కనిపించేవి. చెట్లు చూసినవాళ్లు తొందరగా ఇళ్లకు వెళ్లారు. ఘాటైన నొప్పి మందులూ వాళ్లకు తక్కువే పట్టాయి. ఒక్క కిటికీ ఎటు పెట్టాలన్న నిర్ణయం ఎంత పని చేస్తుందో చూశారా!

మీ ఇంటికీ ఓ థీసిస్

తిరుపతికి తలాపున ఉన్న శేషాచలం కొండలు మామూలువి కావు. ఎర్రచందనానికి పుట్టినిల్లు. 2010లో దాదాపు 4,750 చదరపు కిలోమీటర్ల మేర జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అంతటి అడవి అంచున ఊరు ఏటేటా పెరుగుతోంది. ఇక్కడ గీసే ప్రతి ప్లానూ అడవికీ ఊరికీ మధ్య ఒప్పందమే.

అందుకే ఇల్లు కట్టాలనుకుంటే మనమూ కాసేపు విద్యార్థులమైపోదాం. స్థలం కొనేముందు ఓ వాన రోజున వెళ్లి నీళ్లెటు పారుతున్నాయో చూడాలి. అది చెరువు కిందిదా, వంక పక్కదా అని ఊళ్లో పెద్దల్ని అడగాలి. పడమటి ఎండ నేరుగా పడే గోడకు ఓ చెట్టునో వరండానో అడ్డుపెట్టాలి. మిద్దె మీద పడ్డ వాన ఇంకడానికి ఆవరణలో ఓ గుంత ఉంచాలి. జాగా అంతా సిమెంటుతో కప్పేయకుండా జానెడు మట్టి మిగల్చాలి.

ఇంజినీరు ఫీజులా వీటికి పెద్ద ఖర్చేమీ ఉండదు. కాస్త ఓపిక కావాలి, అంతే. వాన నీరు తన దారి ఎప్పటికీ మరిచిపోదు. ఆ దారేదో గీత గీసే ముందే కనుక్కుంటే, మళ్లీ అలాంటి వాన వచ్చినప్పుడు వసారాలో కూర్చుని వేడివేడి పకోడీలు తింటూ చూడొచ్చు!