జ్వరపు మాత్ర – మోతాదు లెక్క

బెంగుళూరు నగరమున హోసూరు రోడ్డు వెంబడి నున్న మడివాళలో సాయంసమయమున తెలుగు మాట వినబడని చోటు అరుదు. హైదరాబాదునకు, విజయవాడకు, నెల్లూరునకు, తిరుపతికి పోవు ప్రైవేటు బస్సుల కొఱకు సామానులతో వేచియుండు జనము, ఆంధ్రా మెస్సులు, వీధివీధిని పీజీ హాస్టళ్ళు – వీని నడుమ మందుల షాపులును హెచ్చుగనే ఉన్నవి. జ్వరము తగిలిన యువకుడు అచ్చట “డోలో” యని గాని “క్రోసిన్” అని గాని అడుగును. అడుగునది వ్యాపారనామము, మందు పేరు కాదు. అంగడివాడు స్ట్రిప్పులోనుండి నాలుగు మాత్రలు కత్తిరించి యిచ్చును. ఇంటివద్ద నున్నచో నుదుట చేయి వైచి చూచి, “ఇప్పటికి ఎన్ని వేసికొంటివిరా?” అని అడుగుటకు తల్లి యుండును. హాస్టలు గదిలో ఆ లెక్క అడుగువారు లేరు. ఈ మందు విషయమున జరుగు పొరపాటులలో పెక్కు ఆ లెక్క తప్పుటవలననే జరుగుచున్నవి.

మందు ఒక్కటి, పేర్లు పెక్కు. డోలో, క్రోసిన్, కాల్‌పాల్ – మూడును పారాసెటమాల్ అను ఒకే రసాయనము. ఇందు డోలో 650 బెంగుళూరు కేంద్రముగా గల కంపెనీవారిది. 2020లో కోవిడ్ వ్యాపించిన పిమ్మట దేశమున ఇంటింట వినబడిన పేరు. సముద్రము దాటి అమెరికాకు పోయినచో ఇదే మందు ఎసిటమినోఫెన్ అగును. అంగళ్ళలో టైలెనాల్ అను పేర దొరకును. పారా-ఎసిటైల్-అమైనో-ఫినాల్ అను దీర్ఘమైన రసాయననామమునుండి వారు కొన్ని యక్షరములను, వీరు కొన్ని యక్షరములను ఏరుకొనుటచే రెండు పేర్లు పుట్టినవి. కుమారుని చూడబోయిన తల్లిదండ్రులు పెట్టెలో తీసికొనిపోయిన డోలోను, కోడలు ఇచ్చిన టైలెనాలును వేర్వేరు మందులనుకొని రెండును మ్రింగుట అసంభవము కాదు.

ఈ మందు చరిత్ర కొంత విచిత్రమైనది. 1878లో మోర్స్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు దీనిని తయారు చేసెను గాని వైద్యులకు అది పట్టలేదు. 1886లో స్ట్రాస్‌బర్గు నగరమున కాన్, హెప్ అను ఇద్దరు వైద్యులు ఒక రోగికి నాఫ్తలీన్ ఈయబోగా, పొరపాటున దాని స్థానమున ఎసిటనిలైడ్ అను వేరొక పదార్థము చేరినది. రోగి జ్వరము తగ్గినది! ఆ పొరపాటునుండి జ్వరహారి మందుల వంశమొకటి బయలుదేరినది. కాని ఎసిటనిలైడ్ రక్తమును చెడగొట్టి పెదవులను నీలవర్ణమునకు తెచ్చుచుండెను. తరువాతి సంవత్సరమున ఫినాసెటిన్ వచ్చినది. మన పెద్దలు తలనొప్పికి వాడిన ఎ.పి.సి. మాత్రలోని నడిమి యక్షరము ఈ ఫినాసెటినే. దీర్ఘకాలము వాడినవారికి మూత్రపిండములు చెడుచున్నవని తెలిసిన పిమ్మట అది అంగళ్ళనుండి తొలగినది. 1893లో ఫాన్ మేరింగ్ అను జర్మను వైద్యుడు పారాసెటమాలును రోగులకిచ్చి చూచి, అదియు రక్తమునకు కీడు చేయునని పొరబడెను. ఆ తప్పు మాటను లోకము అర్ధశతాబ్దికి పైగా నమ్మినది. 1948లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అను పరిశోధకులు శరీరమున ఎసిటనిలైడ్ పారాసెటమాలుగా మారుటవలననే గుణము కలుగుచున్నదనియు, కీడు వేరొక పదార్థమువలన ననియు నిరూపించిరి. 1955లో అమెరికాలోను, 1956లో బ్రిటనులోను ఇది అమ్మకమునకు వచ్చినది. సుమారు పది సంవత్సరములకు, 1966లో, అధికమోతాదు వలన కాలేయము నాశనమైన రోగులను గూర్చి బ్రిటిషు వైద్యపత్రిక ప్రకటించినది.

కాలేయమే యెందుకు దెబ్బతినవలెను? మ్రింగిన మందులో అధికభాగమును కాలేయము ఇతరపదార్థములతో జతపఱచి నిరపాయముగా మూత్రమార్గమున వెడలించును. స్వల్పభాగము మాత్రము, నూటికి అయిదు పది పాళ్ళు, తీక్ష్ణమైన విషపదార్థముగా మారును. దీనిని అప్పటికప్పుడు అణచుటకు కాలేయమున గ్లూటాథయోన్ అను పదార్థము నిలువయుండును. మోతాదు మితముగా నున్నంతవఱకు ఈ నిలువ చాలును. మితి మీరినప్పుడు నిలువ తరుగును; అణచువారు లేని విషము కాలేయకణములనే పట్టుకొని చంపును. ఇచ్చట మంచి మందునకును విషమునకును భేదము పరిమాణమే.

పెద్దవారికి ఒక పర్యాయము 500 మొదలు 1000 మి.గ్రా. వఱకు ఈయవచ్చును. రెండు పర్యాయముల నడుమ కనీసము నాలుగు గంటలు, ఆఱు గంటలైనచో మఱింత మేలు, ఎడముండవలెను. ఇరువదినాలుగు గంటలలో అన్నియు కలిపి 4000 మి.గ్రా. దాటరాదు. వైద్యుని పర్యవేక్షణ లేకుండ వాడువారు 3000 దగ్గఱనే ఆగుట మేలని పలువురు వైద్యుల మతము. 650 మాత్రను ఆఱేసి గంటల కొకటి చొప్పున వేసికొన్నచో రోజునకు 2600 మాత్రమే యగును. సామాన్యజ్వరమునకు అంతకుమించి అక్కఱ లేదు. లెక్కింపవలసినది మాత్రల సంఖ్య కాదు, మిల్లీగ్రాములు. లెక్క అర్ధరాత్రితో ముగిసి మరల మొదలగునదియు కాదు. ఎప్పుడు చూచినను గడచిన ఇరువదినాలుగు గంటల మొత్తమే లెక్క.

ఒక ఉదాహరణము చూడుడు. హాస్టలు గదిలో జ్వరముతో పడియున్న యువకుడు ఒక దినమున నాలుగు 650 మాత్రలు వేసికొనెననుకొందము. అది 2600. జలుబు కూడ నుండుటచే గదిలోని స్నేహితుడిచ్చిన జలుబు మాత్రలు మూడు వేసికొనెను. అందు ఒక్కొక్కదానియందు పారాసెటమాల్ 500 ఉన్నచో అది 1500. ఒళ్ళునొప్పులకని ఎసిక్లోఫెనాక్ మాత్రలు రెండు కొని వేసికొనెను. ఆ మాత్రలలో పెక్కింటియందు 325 మి.గ్రా. పారాసెటమాల్ కలిసియే యుండును, అది 650. మొత్తము 4750. ఎవరైన అడిగినచో అతడు “నాలుగే జ్వరపు మాత్రలు వేసికొంటి” నని సత్యముగనే చెప్పును. నోరు చేదై అన్నము మాని, ఇట్లే మూడు నాలుగు దినములు గడపినచో అపాయము పెరుగును. ఉపవాసమున గ్లూటాథయోన్ నిలువ తఱుగును గదా. “లంఖణం పరమౌషధం” అను మాటను నమ్మువారు ఈ మందు వాడునప్పుడు గంజియో జావయో త్రాగుట మంచిది.

ఈ చిక్కును తొలగించుటకు ప్రభుత్వము చేసిన ఏర్పాటు ఒకటి కలదు. 2018 సెప్టెంబరునుండి మందు అసలు పేరును వ్యాపారనామముకంటె పెద్ద అక్షరములతో ముద్రింపవలెనను నియమము మన దేశమున అమలునకు వచ్చినది. మూడు మందులును, అంతకు మించియు కలిపిన మాత్రలకు ఈ నియమము వర్తింపదు. జలుబు మాత్రలలో పెక్కు ఆ కోవలోనివే. కనుక జలుబు మాత్రల వెనుకనున్న చిన్న అక్షరములను చదువక తప్పదు. స్ట్రిప్పును కత్తిరించి యిచ్చునప్పుడు పేరును, బలమును, గడువుతేదీయు గల తునక అంగడివానివద్దనే మిగిలిపోవుట మామూలే. ఆ తునకనే అడిగి తీసికొనవచ్చును. అంగడివాడు కన్నడిగుడైనను, మలయాళియైనను ఈపాటి మాట అర్థము కాకపోదు.

కొందఱికి పైన చెప్పిన హద్దు కూడ అధికమే. ఏబది కిలోలకు తక్కువ బరువు గలవారు, నిత్యము మద్యము సేవించువారు, కాలేయవ్యాధి గలవారు, క్షయకు ఐసోనియాజిడ్ వాడుచున్నవారు, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజిపిన్ వంటివి వాడుచున్నవారు వైద్యునడిగి మోతాదు తగ్గించుకొనవలెను. రాత్రి త్రాగి, ఉదయపు తలనొప్పికి ఇదే మాత్ర వేసికొను అలవాటు మంచిది కాదు. రక్తము గడ్డకట్టకుండుటకు వార్ఫరిన్ వాడువారు దీనిని వరుసగా కొన్ని దినములు వాడవలసివచ్చినచో వైద్యునకు తెలుపవలెను.

పసివారి విషయమున చిక్కు మాత్రలలో లేదు, సీసాలలో నున్నది. బిడ్డ బరువున కిలోకు 10 మొదలు 15 మి.గ్రా. ఒక పర్యాయపు మోతాదు. రోజునకు నాలుగు పర్యాయములు మించకుండుట మేలు. సిరప్పులలో ఒక రకమున 5 మి.లీ.లో 125 మి.గ్రా., మఱియొక రకమున 250 మి.గ్రా. ఉండును. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండును. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. ఈయదలచినచో మొదటి సిరప్పు 6 మి.లీ., రెండవది 3 మి.లీ., చుక్కల మందు ఒకటిన్నర మి.లీ. మాత్రమే ఈయవలెను. చుక్కల సీసాను సిరప్పనుకొని 6 మి.లీ. పోసినచో బిడ్డకు నాలుగింతలు పడును. ఊరిలోని అమ్మమ్మ ఫోనులో “ఒక చెంచాడు పోయమ్మా” అని చెప్పునప్పుడు ఆమె మనసులోని సీసా యేది, బెంగుళూరులో కూతురి చేతిలోని సీసా యేది? వంటింటి చెంచాలు ఒక్కటే కొలత గలవి కావు. సీసాతో వచ్చిన మూతగాని సిరంజిగాని వాడవలెను. మూడు నెలలు నిండని శిశువునకు జ్వరము వచ్చినచో మందు వెదకక ఆస్పత్రికే తీసికొనిపోవలెను.

ఇంతమాత్రముచే ఈ మందునకు భయపడనక్కఱలేదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వలె కడుపును పుండుపఱచునది కాదు. రక్తస్రావమును హెచ్చించునది కాదు. ఈ గుణమే డెంగీ విషయమున దీనిని ముఖ్యమైన మందుగా చేసినది. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వము డెంగీని ఎపిడెమిక్ వ్యాధిగా ప్రకటింపవలసి వచ్చినది. బెంగుళూరువాసులకు వానకాలపు జ్వరమనగా మొదట దోచు సందేహము అదియే. ఆ సందేహమున్నంతకాలము జ్వరమునకు పారాసెటమాలే తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడవు, రక్తస్రావముండవచ్చును. అయితే డెంగీలో కాలేయము సహజముగనే కొంత వాచియుండును గనుక, జ్వరము దిగుటలేదని మోతాదు పెంచుట మఱింత ప్రమాదకరము. మాత్ర జ్వరమును కొంత దింపి బాధ తగ్గించును, వ్యాధిని తగ్గింపదు. థర్మామీటరు అంకెను పూర్తిగా మామూలునకు తెచ్చుట దాని పని కాదు. రెండు మూడు దినములకు జ్వరము విడువనిచో రక్తపరీక్ష చేయించుకొనవలెను. డెంగీలో జ్వరము దిగిన తరువాతనే ఆపద కాలము మొదలుకావచ్చును. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తము, మగత కనబడినచో ఆలస్యము పనికిరాదు.

మోతాదు మించిపోయినట్లు తెలిసినచో ఏమి చేయవలెను? ఈ విషము నిశ్శబ్దముగా పనిచేయును. మొదటి దినమున కొంచెము వికారము, వాంతి, చెమట ఉండవచ్చును, ఏమియు లేకపోవచ్చును. మఱునాడు రోగి తేఱుకొన్నట్లే కనబడును. కుడిప్రక్క డొక్కక్రింద నొప్పి, పిమ్మట పచ్చకామెరలు కనబడునప్పటికి కాలేయము చాలవఱకు చెడియుండును. కనుక “బాగుగనే ఉన్నానుగదా” అను మాటను ప్రమాణముగా గొనరాదు. దీనికి విరుగుడు కలదు: ఎసిటైల్ సిస్టీన్. తరిగిన గ్లూటాథయోన్‌ను ఇది మరల నింపును. ఎనిమిది గంటలలోపల ఆరంభించినచో కాలేయము దాదాపు ఎల్లప్పుడును దక్కును. ఆలస్యమైనకొలది ఫలము తగ్గును, అయినను ఆలస్యమైనదని మానరాదు. ఎంత విషమెక్కినదో తెలిసికొనుటకు నాలుగు గంటలు గడచిన తరువాత రక్తమును పరీక్షింతురు. ఆ పరీక్ష కొఱకు ఇంట కూర్చుండి వేచియుండరాదు.

తప్పి వేసికొన్నను, దుఃఖములో తెలిసియే వేసికొన్నను, చికిత్స ఒక్కటే; దాచుట వలన పోవునది కాలమే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివానిని నేరస్థునిగా గాక తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా చూడవలెనని చెప్పుచున్నది. మనసు బరువైనవారు 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులో మాటాడువారును దొరకుదురు. 2022లో మొదలైన ఆ టెలీ మానస్ సేవకు ఆధారముగా నున్న ముఖ్యసంస్థ, మడివాళ ప్రక్కనుండి పోవు హోసూరు రోడ్డు మీదనే గల నిమ్‌హాన్స్. అంబులెన్సునకు 108. 2005లో హైదరాబాదున మొదలైన ఈ సంఖ్య కర్ణాటకలోను అదియే. బండి వచ్చునంతలో ఉప్పునీరు త్రాగించి కక్కించు ప్రయత్నము చేయరాదు. మొదటి మాత్ర ఏ వేళ వేసికొన్నది, చివరిది ఏ వేళ వేసికొన్నది ఒక కాగితముపై వ్రాసికొని, గదిలోని ఖాళీ స్ట్రిప్పులన్నింటిని, జలుబు మాత్రలవి కూడ, వెంట తీసికొనిపోయినచో మొత్తము లెక్క వైద్యునకు క్షణములో తెలియును.