ఆసుపత్రికి చేరేలోగా నొప్పికి ఏ మందు?

సిద్దిపేట: తాటిచెట్టు ఎక్కిన గీత కార్మికుడు మోకు జారి కింద పడితే, ఊళ్లో చాలాచోట్ల మొదట జరిగేది ఆర్‌ఎంపీని పిలిచి నొప్పి సూది వేయించడం. బండి సంగతి ఆ తర్వాతే. బాధపడుతున్న మనిషికి ఉపశమనం అవసరమే. అయితే ఏ దెబ్బకు ఏ మందో చూడకపోతే ఆ సూదే ముప్పు తెస్తుంది.

పల్లెల్లో ఎక్కువగా వేసేది డైక్లోఫెనాక్. ఒళ్లునొప్పులకు, కీళ్లనొప్పులకు ఇది పనిచేస్తుంది. కానీ రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత తగ్గిస్తుంది. లోపల రక్తస్రావం అవుతున్నవారికి, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి మంచిది కాదు. పారాసిటమాల్‌తో ఆ భయం తక్కువే గాని, ఎముక విరిగిన బాధకు అదొక్కటే చాలదు.

తీవ్రమైన నొప్పికి వైద్యులు వాడేవి మార్ఫిన్, ఫెంటానిల్. ఫెంటానిల్ త్వరగా పనిచేసి త్వరగానే దిగిపోతుంది. మార్ఫిన్ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. మోతాదు మించితే రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వీటిపై గట్టి అదుపు పెట్టింది. రోగులకు అందడం కష్టమవుతోందని 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలను సులభం చేశారు.

మరో మందు కెటమిన్. సాధారణంగా ఇది రక్తపోటును పడిపోనివ్వదు. కొందరికి మాత్రం కలవరింతలు కలుగుతాయి. బ్రిటన్ అంబులెన్సుల్లో గాయపడినవారికి ఈ మందును, మార్ఫిన్‌ను ఇచ్చి పోల్చి చూడగా, కెటమిన్ మెరుగని తేలలేదు. ఆస్ట్రేలియాలో మెథాక్సిఫ్లురేన్ అనే మందును చిన్న గొట్టం ద్వారా రోగే పీల్చుకుంటాడు. అన్నింటికీ సరిపోయే మందు ఒక్కటీ లేదన్నమాట.

సూది లేకుండానే బాధ తగ్గించే మార్గమూ ఉంది. విరిగిన కాలిని కదలకుండా వెదురు బద్దల మధ్య గుడ్డతో కడితే నొప్పి చాలావరకు తగ్గుతుంది. చెట్టు మీది నుంచి పడినవారిని మాత్రం కూర్చోబెట్టకూడదు, కాళ్లూ చేతులూ పట్టి లేపకూడదు. వెన్నెముక దెబ్బతిని ఉండవచ్చు. మెడ, నడుము కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. ఈ సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది.

ఛాతీనొప్పి వస్తే గ్యాస్ అనుకుని సూదితో సరిపెట్టుకోవడం మరీ ప్రమాదం. గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే. ఇప్పటికే సూది వేయించి ఉంటే ఏ మందు, ఎన్ని గంటలకు వేశారో చీటీ మీద రాయించుకుని ఆసుపత్రిలో చూపాలి. ఆ చీటీని బట్టే అక్కడి డాక్టరు తర్వాతి మందు నిర్ణయిస్తారు.