పిడుగును ముందుగా కనిపెట్టు నిస్తంత్రీ యంత్రములు

వేసవిలో మిరపకాయలు కల్లములందు ఎండుచుండగా మబ్బు పట్టినచో, మన పల్నాటి రైతు ముందుగా తలచునది పట్టాలను గూర్చియే. కాయ తడిసిన రంగు చెడును, ధర తగ్గును. కావున ఉరుములు వినబడుచున్నను ఇంటిల్లిపాదియు కల్లమునకు పరుగెత్తుదురు. ప్రాణాపాయము అధికముగ నుండునదియు అప్పుడే.

మెఱుపు మెఱసినపుడు వెలుతురుతోబాటు రేడియో తరంగములును పుట్టును. ఉరుములవాన వేళ రేడియోపెట్టెలో చిటపట శబ్దము వినబడుట కిదియే కారణము. ఈ తరంగములు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. దూరదూరముగ నిలిపిన యంత్రములు తరంగము తమను చేరిన క్షణమును గుర్తించి కేంద్రమునకు తెలుపును. ఆ క్షణముల తేడానుబట్టి మెఱుపు పుట్టిన తావును లెక్కగట్టుదురు. తగిన తావులందు క్రొత్త యంత్రములను చేర్చినకొలది లెక్క మఱింత సరిపడును. సాధారణముగ నేలపై పిడుగు పడుటకు ముందే మేఘములోపల మెఱుపులు మొదలగును. కావున మేఘము నడకను కనిపెట్టి, అది పోవు దారిలోని గ్రామములకు సెల్‌ఫోను ద్వారా హెచ్చరిక పంప వీలగుచున్నది.

ఇట్టి యంత్రములవలననే 2018 ఏప్రిల్ 24వ తేదీన మన రాష్ట్రములో 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి. హెచ్చరికలు పంపబడినను ఆనాడు కనీసము తొమ్మండుగురు మృతిచెందిరి. పొలములలో నున్నవారికి, సెల్‌ఫోను లేనివారికి వార్త చేరుట కష్టము. కూలివారు ఫోనులను సద్దిమూటలలో నుంచి గట్టుమీద వదలి సాలులోనికి దిగుట మేము చూచుచునే యున్నాము. యంత్రము పంపిన వార్తను మనిషి మనిషికి అందింపవలెను.

పూనాలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్రసంస్థవారు ‘దామిని’ యను యాప్‌ను ఉచితముగ నిచ్చుచున్నారు. అది మనమున్న చోటికి 20, 40 కిలోమీటర్లలోపల పడు పిడుగులను చూపును. మబ్బుల దినములలో దీనిని కనిపెట్టి యుండుటకు ప్రతి సహకార సంఘమువారును ఇద్దరు సభ్యుల నియమించి, గ్రామపు మైకులో చాటింపు వేయించుట మేలని మా మనవి. హెచ్చరిక రాగానే పట్టాలు కప్పి, పశువులను చెట్లక్రిందనుండి విప్పి, కూలివారితోగూడ పక్కా యింటికి చేరవలెను.

ఫోను లేనివారికిని ఒక గురుతు గలదు. మెఱుపు కనబడిన పిమ్మట 30 లెక్కించులోపల ఉరుము వినబడినచో, పిడుగు 10 కిలోమీటర్లలోపల నున్నదని యెఱిగి తక్షణమే లోనికి పోవలెను. కడపటి ఉరుము వినబడిన 30 నిమిషములవఱకు వెలుపలికి రారాదు. చెట్టునీడ వానకు చాటగునేమోగాని, పిడుగునకు చాటు కానేరదు.