పండుగ బరువును పదిమంది మోయవలెను

పండుగ యనగా దేవునికి పూజ, పిల్లలకు క్రొత్త బట్టలు, ఇంటినిండ బంధువులు. అయితే పండుగ మరునాడు నడుము పట్టి లేవలేని తల్లిని, భుజము నొప్పిచే చేయి యెత్తలేని తండ్రిని చూడని ఇల్లు మనలో నెన్ని కలవు? ఈ నొప్పి దేవుడిచ్చినది కాదు. మనము పని చేసిన తీరు వలన వచ్చినది. కావున దానిని చాలవరకు మనమే తప్పించుకొనవచ్చును.

ఈ సంగతి బహ్రెయిన్ దేశమందలి తెలుగువారి జీవనమును చూచిన చక్కగా బోధపడును. మన మారిషస్ వలెనే అదియు దీవియే. దాని రాజధానియగు మనామాలో శ్రీనాథజీ ఆలయము కలదు. సింధులోని థట్టా నుండి వచ్చిన హిందూ వర్తకులు దానిని 1817లో కట్టిరి. అనగా మన పూర్వులు 1834 తరువాత ఒప్పందపు కూలీలై ఓడలలో ఇచ్చటికి రాకమునుపే అచ్చట హిందువుల గుడి వెలసినది. తరువాతి కాలమున తెలంగాణము నుండియు, గోదావరి, కడప జిల్లాల నుండియు తెలుగువారు కూలికిని, ఉద్యోగమునకును, ఇంటి పనికిని అచ్చటికి చేరిరి.

అచ్చటి 2012 నాటి కార్మిక శాసనము వారమునకు 48 గంటల పనిని, శుక్రవారపు విశ్రాంతిని నిర్ణయించినది. అందుచే వినాయక చవితి గాని, బతుకమ్మ గాని, సంక్రాంతి గాని ఏ వారమున వచ్చినను, నలుగురు కూడి జరుపు వేడుకను సెలవు దినమునకు ఉంచుకొనుట వాడుక. ఆరు దినములు ఇటుకలు మోసిన వీపే ఏడవ దినమున బల్లలను, గుండిగలను, విగ్రహమును మోయవలసి వచ్చును. దూరదేశమున నున్న కూలివాని నడుము మీదనే ఇంటి అప్పు, చెల్లెలి పెండ్లి, పిల్లల చదువు నిలిచియుండును. ఆ నడుము పట్టిన యెడల కష్టము ఒక్కనిది కాదు, కుటుంబమంతటిది.

మన కథయు దీనికి దూరము కాదు. చెరకు కోత జూన్ నుండి డిసెంబరు వరకు సాగును. చవితి, దీపావళి ఆ నడుమనే వచ్చును. అలసిన దేహముతోడనే మనమును పందిరి వేయుదుము.

ముందుగా బరువుల మాట చెప్పుకొందము. అమెరికా దేశపు కార్మికారోగ్య సంస్థ లెక్క ప్రకారము, అన్ని విధముల అనుకూలముగా నున్నప్పుడు సైతము ఒకరు ఎత్తదగిన బరువు 23 కిలోలు. ఇరువది లీటర్ల నీరే 20 కిలోలు తూగును. పులుసు నిండిన పెద్ద గుండిగను ఒక్కడు ఎత్తబూనుట శౌర్యము కాదు, అవివేకము. ఇద్దరు పట్టవలెను, లేదా కొంత వేరు పాత్రలోనికి వంచవలెను. ఎత్తునపుడు మోకాళ్లు వంచి, బరువును పొట్టకు చేరువగా పట్టవలెను. ఏతపు మాను పొడవైన కొలది కొనయందలి బరువు ఎక్కువగా లాగును గదా! చేతులు చాచి పట్టిన బరువు నడుమును అట్లే లాగును. బరువుతో నుండి నడుమును మెలిత్రిప్పరాదు. పాదములతో తిరుగవలెను.

ఇక వంటయిల్లు. గారెలు, బూరెలు, పులిహోర అన్నియు ఒక్క స్త్రీ ఒక్క రాత్రిలో ముగింపవలెనను ఆచారము ఏ శాస్త్రమునను లేదు. నిలువయుండు పిండివంటలు మూడు దినములు ముందుగా చేసికొనవచ్చును. కూరలు తరుగుట నేలపై గాక ఎత్తైన బల్లపై చేసిన మెడకును, నడుమునకును సుఖము. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. మగవారు కూడ కొబ్బరి తురుమవచ్చును. దానివలన పుణ్యము తరుగదు.

బతుకమ్మ చుట్టు స్త్రీలు వంగి లేచుచు చప్పట్లు కొట్టుచు తిరుగుదురు. మన రామభజనలో దీపము చుట్టు రాత్రి తెల్లవార్లు అడుగులు వేయుదురు. రెండింటికిని నియమమొక్కటే: మొదట మెల్లని పాటలతో దేహమును వెచ్చపరచి, పిమ్మట వేగము పెంచవలెను. కొన్ని పాటలకొకసారి ఒక జట్టు కూర్చుండి, మరియొక జట్టు లేవవలెను. పూజలో చాలసేపు బాసిపట్టు వేసికొని కాలు తిమ్మిరి యెక్కినవారు వెంటనే లేవక, కాలు చాచి కదలించి లేవవలెను. మోకాలి నొప్పి గల వృద్ధులు కుర్చీపై కూర్చుండి అర్చించిన అపచారము లేదు.

ఎండ విషయము మరువరాదు. బహ్రెయిన్‌లో వేసవియందు మధ్యాహ్నము 12 నుండి 4 గంటల వరకు ఆరుబయటి పని నిషిద్ధము. 2025లో ఈ నిషేధమును జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మూడు నెలలకు పొడిగించిరి. కూలిపనికి తగని ఎండ పందిరి పనికి మాత్రము తగునా? చల్లని వేళనే పని పెట్టుకొని, దప్పికకు ముందే నీరు, మజ్జిగ త్రాగవలెను.

అలవాటు లేని పనివలన కలుగు కండరముల నొప్పి మరునాడు మొదలై, రెండు మూడు దినములు బాధించి తగ్గును. మంచము పట్టుటకంటె మెల్లగా నడచుట, వేడినీటి కాపడము మేలు. నొప్పి మాత్రలను వైద్యునడుగక దినదినము మ్రింగరాదు. అవి కడుపునకును, మూత్రపిండములకును చెరుపు చేయగలవు. కాలు పట్టు తప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, మూత్రము అదుపు తప్పినను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. చెమటతో గుండెనొప్పి వచ్చి చేతికిగాని దవడకుగాని ప్రాకినను, ఎండలో మనిషి మతి తప్పి మాటలాడినను క్షణమైన ఆగరాదు. ఎండ దెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, నీటితో దేహమును చల్లార్చుచు కొనిపోవలెను.

కావున సోదర సోదరీమణులారా, రాబోవు పండుగకు పూజాద్రవ్యముల పట్టికతోపాటు పనుల పట్టికయు వ్రాసికొనుడు. ఏ పని ఏ దినమున, ఎవరెవరు కలిసి చేయవలెనో ముందుగా నిర్ణయింపుడు. అమ్మ కూడ హారతివేళ కూర్చుండి దేవుని కన్నులార చూచిన నాడే ఆ ఇంట పండుగ పూర్ణమైనట్లు. సర్వేజనాః సుఖినో భవంతు.